కొండదారిలో మోకాలికి కాపు

రాళ్ల దారుల్లో బైకు నడిపేవాళ్లలో ఎవరికి గార్డు చాలు, ఎవరికి బ్రేసు కావాలి? ధరనూ బ్రాండునూ కాసేపు పక్కన పెట్టి, మోకాలి వైపు నుంచి చూస్తే జవాబు తేలిగ్గానే దొరుకుతుంది.

శ్రీకూర్మం నుంచి బైకు తీస్తే ఒక్క పూటలో మూడు రకాల నేల తగులుతుంది. సముద్రం వైపు వెళ్తే సరుగుడు తోటల మధ్య చక్రం కూరుకుపోయే ఇసక. శ్రీకాకుళం దాటి పాలకొండ వైపు మళ్లి ఊరి దారులు పట్టుకుంటే ఎర్ర గ్రావెల్. సీతంపేట ఏజెన్సీలోకి అడుగుపెడితే గుండ్రాళ్లు తేలిన కొండదారులు, వానాకాలంలో వాటికి అడ్డంగా పారే గెడ్డలు. విజయనగరం వైపు నుంచి బయల్దేరినవాళ్లకు శృంగవరపుకోట దాటాక అనంతగిరి కొండలు, సాలూరు దాటాక పాచిపెంట అడవి దారులు. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, 2019లో హీరో ఎక్స్‌పల్స్ 200 వచ్చాక ఇలాంటి దారులు వెతుక్కుంటూ పోవడం మధ్యతరగతి కుర్రాళ్లకూ అందుబాటులోకి వచ్చింది. హెల్మెట్ కొనేటప్పుడు పది రకాలు తిరగేసి చూసేవాళ్లు మోకాలి దగ్గరికి వచ్చేసరికి మాత్రం స్నేహితుడు ఏది కొంటే అదే కొంటున్నారు. కొందరైతే మందుల షాపులో దొరికే సాగే నీక్యాప్ తొడుక్కుని బయల్దేరుతున్నారు.

నీక్యాప్, గార్డు, బ్రేసు మూడూ మోకాలికే తొడుగుతాం కాబట్టి ఒకదాని బదులు ఇంకొకటి పనికొస్తుందనుకోవడం సహజమే. నిజానికి మూడు చేసే పనులూ మూడు రకాలు. నీక్యాప్ కీలును వెచ్చగా, కాస్త బిగువుగా ఉంచుతుంది, అంతే. పడినప్పుడు అది అడ్డుకునేది ఏమీ లేదు. గార్డు రాయి తగిలినప్పుడు చిప్ప పగలకుండా, చర్మం ఊడిపోకుండా ఆపుతుంది. బ్రేసు పక్కల మడత కీళ్లున్న గట్టి చట్రం. కాలు వెనక్కి విరుచుకుపోకుండా, పక్కకు ఒరిగిపోకుండా పట్టి ఉంచడం దాని పని. అందుకే ఏది మంచిదన్న ప్రశ్నకు ముందు, మన దారుల్లో మోకాలికి ఎలాంటి దెబ్బ తగులుతుందన్న ప్రశ్న వేసుకోవాలి. దానికి సరైన జవాబు దొరికితే కొనుగోలు సగం తేలిపోతుంది. ఆ జవాబు మాత్రం విదేశీ మోటోక్రాస్ వీడియోల్లో దొరకదు.

గుద్దు వేరు, మెలిక వేరు

మోకాలు చూడ్డానికి తలుపు బందులా ముందుకూ వెనక్కూ మాత్రమే ఆడుతున్నట్టుంటుంది. లోపల జరిగేది అంత సులువు కాదు. కాలు మడిచినప్పుడు తొడ ఎముక చివర, కింది ఎముక మీద దొర్లుతూ కొద్దిగా జారుతుంది కూడా. కాస్త మెలి తిరగడానికీ వీలుంటుంది. ఈ కదలికలన్నీ హద్దు దాటకుండా చూసేవి నాలుగు ప్రధాన లిగమెంట్లు. లోపల అడ్డంగా రెండు, అటూ ఇటూ పక్కల రెండు. ఎముకల మధ్య మెత్తగా రెండు మెనిస్కస్‌లు. లోపలి రెండింటిలో ముందుదైన ఏసీఎల్, పిక్క ఎముక ముందుకు జారిపోకుండా, మరీ మెలి తిరగకుండా కాస్తుంది. అది పూర్తిగా తెగితే సాధారణంగా తనంతట తాను అతుక్కోదు. ఆటలకో కష్టమైన పనికో తిరిగి వెళ్లాలంటే చాలామందికి శరీరంలోని ఇంకో స్నాయువు ముక్క తీసి కొత్తగా కట్టాల్సి వస్తుంది. ఆ తర్వాత తొమ్మిది నెలల దాకా వ్యాయామం, ఓపిక తప్పవు. చిప్పకు తగిలిన గుద్దు బయటికి కనిపిస్తుంది, నెత్తురు కారుతుంది, భయపెడుతుంది. లిగమెంట్ తెగితే పైన గీత కూడా పడకపోవచ్చు.

మోటోక్రాస్‌లో బైకు బరువు 110 కిలోల ప్రాంతంలో ఉంటుంది, వేగం ఎక్కువ, ఎగిరి దిగడాలు ఎక్కువ. అక్కడ పెద్ద భయం, నేలకు దిగేటప్పుడు కాలు వెనక్కి విరుచుకుపోవడం. మన దగ్గర పరిస్థితి తలకిందులు. ఎక్స్‌పల్స్ దాదాపు 160 కిలోలు, హిమాలయన్ దాదాపు 200 కిలోలు. వేగం చూస్తే, గుండ్రాళ్ల ఎత్తులో మొదటి గేరులో నడక వేగమే. ముందు చక్రం రాయి మీద జారుతుంది. ఆపుదామని కాలు కింద పెడతారు. బూటు రెండు రాళ్ల మధ్య ఇరుక్కుంటుంది. బైకు మాత్రం ఆగదు, ఒరుగుతూనే ఉంటుంది. పాదం ఒక దిక్కు, తొడ ఒక దిక్కు. మధ్యలో మోకాలి మీద 200 కిలోల బరువు మెలి పడుతుంది. స్పీడోమీటర్ పది కూడా చూపించని ఈ పడిపోవడంలో చిప్పకు దెబ్బే తగలకపోవచ్చు. ఎంత మందమైన గార్డు వేసుకున్నా అలాంటప్పుడు దానికి పనే ఉండదు. మెల్లగా వెళ్తున్నాం కదా, మాకు బ్రేసు ఎందుకు అనేవాళ్ల లెక్క ఇక్కడే తప్పుతోంది. చిప్పకు ప్రమాదం తెచ్చేది వేగమైతే, లిగమెంటుకు ప్రమాదం తెచ్చేది బరువూ, ఇరుక్కున్న కాలూ.

పరిశోధనలు ఏమంటున్నాయి

బ్రేసు నిజంగా పనిచేస్తుందా అన్న ప్రశ్నకు ఆఫ్‌రోడ్ రైడర్ల మీదే జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఉంది. 2011లో అమెరికన్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వచ్చిన ఆ అధ్యయనంలో రెండు వేలమందికి పైగా రైడర్లు, దాదాపు 40 వేల గంటల రైడింగ్ లెక్కలోకి వచ్చాయి. బ్రేసు లేకుండా నడిపినవాళ్లలో మోకాలి గాయాల రేటు, వేసుకున్నవాళ్ల రేటుకు రెట్టింపు దాటింది. ఏసీఎల్ తెగడంలోనూ తేడా స్పష్టంగా కనిపించింది. అయితే దీన్ని కళ్లకద్దుకునే ముందు ఒకటి గమనించాలి. బ్రేసు వేసుకోవాలా వద్దా అన్నది అందులో ఎవరికి వాళ్లే తేల్చుకున్నారు. డబ్బు పెట్టి బ్రేసు కొనేవాడు స్వతహాగా జాగ్రత్తపరుడు కావచ్చు, మంచి బూట్లు కూడా వేసుకునేవాడు కావచ్చు. కనిపించిన లాభంలో కొంత ఆ జాగ్రత్తదే అయినా ఆశ్చర్యం లేదు.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో జరిగిన పరిశోధనలు ఈ సందేహాన్ని ఇంకా పెంచుతాయి. 1987లో కాలేజీ ఆటగాళ్ల మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో బ్రేసు వేసుకున్నవాళ్లకే ఎక్కువ గాయాలయ్యాయని తేలింది. మూడేళ్లు తిరక్కుండా 1990లో వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో 1,396 మంది కేడెట్లను రెండు గుంపులు చేసి పరీక్షిస్తే బ్రేసు వేసుకున్న గుంపులో గాయాలు తగ్గాయి. ఆట ఒకటే, ఫలితాలు రెండు. రెండో దానిలో ఎవరికి బ్రేసు ఇవ్వాలన్నది ఆటగాళ్ల ఇష్టానికి వదల్లేదు కాబట్టి దాని మాటకు బరువు ఎక్కువ. ఇవన్నీ కలిపి చూస్తే తేలేది ఇది. బ్రేసు కొంత కాపాడుతుందని నమ్మడానికి ఆధారం ఉంది, ముఖ్యంగా పక్క నుంచి వచ్చే ఒత్తిడి విషయంలో. అది కవచకుండలమని నమ్మడానికి మాత్రం లేదు. కారణం కూడా తేలిగ్గా అర్థమయ్యేదే. బ్రేసు పట్టుకునేది ఎముకను కాదు, ఎముక చుట్టూ ఉన్న మెత్తటి కండను. కాలు వెనక్కి విరుచుకుపోవడాన్ని చట్రంలోని అడ్డు బాగానే ఆపుతుంది. మెలికను మాత్రం కొంతవరకే ఆపగలదు, ఎందుకంటే బయట చట్రం కదలకపోయినా లోపల కండ మీద ఎముక కొంత తిరుగుతూనే ఉంటుంది. మన దారుల్లో ఎక్కువ భయం మెలికతోనే కనుక, బ్రేసు కాలికి ఎంత బిగువుగా, కొలతకు తగ్గట్టు కూర్చుందన్నదే దాని అసలు విలువ.

అభ్యంతరాల మాటేమిటి

బ్రేసు మోకాలిని కాపాడి తొడ ఎముక విరగ్గొడుతుందన్న మాట రైడర్లలో బాగా నలిగింది. ఇది ఉత్త పుకారేమీ కాదు, దీని వెనుక ఒక తర్కం ఉంది. లిగమెంటు మీద పడాల్సిన బలాన్ని చట్రం తీసుకుంటే అది పైకో కిందికో ఎక్కడికో పోవాలి కదా. స్కీయింగ్‌లో ఇలాంటిదే జరిగింది. పొడుగాటి గట్టి బూట్లు వాడుకలోకి వచ్చాక చీలమండ, పిక్క ఎముక విరగడాలు తగ్గి, తర్వాతి దశాబ్దాల్లో మోకాలి లిగమెంట్ గాయాలు పెద్ద సమస్యగా ముందుకొచ్చాయి. మన విషయంలో ఈ ఉదాహరణ రెండువైపులా కోస్తుంది. గట్టి ఆఫ్‌రోడ్ బూటు వేసుకున్నవాడి చీలమండ బిగిసిపోయి మెలిక నేరుగా మోకాలికి చేరే అవకాశం ఉంది. మంచి బూట్లు కొన్నవాళ్లే బ్రేసు గురించి ఇంకాస్త ఆలోచించాలన్నమాట. బూట్లు మానేయడం దీనికి మందు కాదు. బైకు కింద పడి నలిగే పాదాన్ని వేరే ఏదీ కాపాడదు. తొడ ఎముక భయానికి చేయాల్సింది, చట్రం బలాన్ని ఒకే చోట కుమ్మరించకుండా తొడ మీదా పిక్క మీదా వీలైనంత పొడుగునా పరిచేలా ఉందో లేదో చూసుకోవడం. పొట్టి చట్రం అంచు తొడ మధ్యలో గుచ్చుకునేలా ఉంటే ఆ బ్రేసు పక్కన పెట్టేయడమే.

రెండో అభ్యంతరం ఉక్కపోత. సముద్రం పక్కన ఏప్రిల్ నెల ఉమ్మదంలో కాళ్లకు ప్లాస్టిక్, కార్బన్ చట్రాలు కట్టుకుని తిరగడం శిక్షేనన్నది నిజం. చెమట పట్టిన చర్మం మీద బ్రేసు కిందికి జారుతుంది. కిందికి జారిన బ్రేసు, అసలు బ్రేసు లేకపోవడం కంటే ప్రమాదం, ఎందుకంటే దాని కీలు ఒకచోట, మన కీలు ఒకచోట మడతపడతాయి. అయితే దీనికి పరిష్కారం ఉంది. పలచటి, చెమట పీల్చే పొడుగు స్లీవ్ లోపల వేసుకుని బ్రేసు దాని మీద కట్టాలి. బయల్దేరిన అరగంటకు, ఒళ్లు వేడెక్కి కండలు సర్దుకున్నాక, బైకు ఆపి పట్టీలు మళ్లీ బిగించాలి.

మూడోది కండరాల మాట. బ్రేసు అలవాటైతే కాలు బలహీనపడుతుందంటారు. వారానికి ఒక పూట వేసుకునేదానితో అంత నష్టం జరగదు కానీ, ఈ హెచ్చరికలో వినాల్సింది వేరే ఉంది. తొడ ముందు కండ, వెనక కండ బలంగా ఉన్న మోకాలికి అదే మొదటి బ్రేసు. ఆఫీసు కుర్చీలో వారమంతా కూర్చుని ఆదివారం కొండెక్కేవాడు బ్రేసు మీద పెట్టే ఖర్చుతో పాటు రోజుకు కొన్ని గుంజిళ్ల శ్రమా పెట్టాలి. ఇక కొండ ఊళ్ల కుర్రాళ్లు చెప్పులేసుకుని అదే దారిలో బజాజ్ బండి మీద పోతున్నారు కదా అనే వాదన ఒకటి ఉంటుంది. వాళ్ల బండి తేలిక, ఏ రాయి ఎక్కడుందో తెలిసిన దారి, చీకటి పడకముందే ఇంటికి చేరాలన్న తొందర తప్ప పందెం లేదు. అయినా దెబ్బలు తగలవని కాదు. తగిలినవి ఎవరి లెక్కలోకీ రావు.

గార్డు ఎంచుకునేటప్పుడు

ఎర్ర గ్రావెల్ రోడ్లు, తోటల మధ్య బళ్ల దారులు, నెలకో రెండు నెలలకో ఒక రైడ్... మీ తిరుగుడు ఇంతే అయితే మంచి గార్డు చాలు. బ్రేసు డబ్బుతో మంచి బూట్లు కొనుక్కోవచ్చు. గార్డు కొనేటప్పుడు పైన అచ్చేసిన బొమ్మల కంటే లోపల కుట్టిన చిన్న లేబుల్ చదవాలి. అందులో ఒక బైకు బొమ్మ, పక్కన యూరప్ ప్రమాణం ఈఎన్ 1621-1 కనిపించాలి. ఆ పరీక్షలో 5 కిలోల బరువును దాదాపు మీటరు ఎత్తు నుంచి వదిలినంత శక్తితో, అంటే 50 జౌళ్లతో, గార్డును కొడతారు. అవతలి వైపుకు చేరే బలం సగటున 35 కిలోన్యూటన్లు దాటకపోతే మొదటి స్థాయి, 20 దాటకపోతే రెండో స్థాయి. లేబుల్ మీద కె అక్షరం ఉంటే మోకాలికి, కె ప్లస్ ఎల్ ఉంటే మోకాలితో పాటు పిక్క ఎముకకూ అని గుర్తు. రాళ్ల దారికి కె ప్లస్ ఎల్ ఉన్నదే కావాలి, ఎందుకంటే ఫుట్‌పెగ్ తిరిగొచ్చి తగిలేది అక్కడే. మన వాతావరణానికి ముఖ్యమైనది ఇంకోటుంది. టి ప్లస్ అన్న గుర్తు ఉంటే ఆ గార్డును 40 డిగ్రీల వేడిలోనూ పరీక్షించారని అర్థం. కొన్ని మెత్తటి ఫోములు ఎండలో మరింత మెత్తబడి దెబ్బను ఆపే గుణం కోల్పోతాయి. రెండు పట్టీలతో కట్టే గార్డు పడగానే పక్కకు తిరిగిపోతుంది. మోకాలికి పైన రెండు, కింద రెండు పట్టీలున్నది చూసుకోండి.

బ్రేసు కొనాలనుకుంటే

గుండ్రాళ్ల ఎత్తులు, గెడ్డలు దాటడం, అడవి దారులు నెలలో రెండు మూడు సార్లైనా తప్పనివాళ్లకూ, 200 కిలోల బైకును అక్కడికి తీసుకెళ్లేవాళ్లకూ బ్రేసు అనవసర ఖర్చు కాదు. ఇదివరకే లిగమెంట్ దెబ్బతిన్నవాళ్లు ఎముకల డాక్టరు చెప్పింది వినాలి, వాళ్ల సంగతి వేరు. దక్షిణాఫ్రికా లియాట్, అమెరికా ఈవీఎస్, ఇటలీ ఆల్పైన్‌స్టార్స్ లాంటి పేర్లు మార్కెట్లో వినిపిస్తాయి. జత ధర సులువుగా ఐదంకెల్లోకి వెళ్తుంది. పేరు కంటే ముందు చూడాల్సింది కీలు. ఒకే చీల చుట్టూ తిరిగే కీలు కన్నా, రెండు చీలల మీద దొర్లుతూ మడిచే కీలు మన మోకాలి కదలికకు దగ్గరగా ఉంటుంది. కాలు పూర్తిగా చాపకుండా ఆపే చిన్న అడ్డు ముక్కలు 5, 10, 15 డిగ్రీల చొప్పున చాలా బ్రేసులతో వస్తాయి. పెగ్‌ల మీద నిలబడి నడిపేటప్పుడు మోకాలు ఎలాగూ కాస్త వంగే ఉంటుంది కాబట్టి 10 డిగ్రీల అడ్డు పెట్టుకున్నా నడపడానికి ఇబ్బంది ఉండదు, కాలు విరుచుకుపోయే ముందే చట్రం పట్టుకుంటుంది.

ఆ తర్వాత కొలత. శ్రీకూర్మం గుడిలో తిరిగే నక్షత్ర తాబేళ్ల డిప్ప వాటిని కాపాడగలగడానికి కారణం అది పక్కటెముకలతో, వెన్నుతో కలిసిపోయి పెరగడమే. బయట నుంచి కట్టుకునే చట్రానికి ఆ సౌకర్యం లేదు కాబట్టి టేపుతో కొలవడం ఒక్కటే దారి. చిప్ప మధ్య నుంచి 15 సెంటీమీటర్ల పైన తొడ చుట్టుకొలత, అంతే కింద పిక్క చుట్టుకొలత, మోకాలి దగ్గర వెడల్పు. మూడూ నిలబడి, కండ బిగించకుండా, రెండు కాళ్లకూ విడివిడిగా తీసుకోవాలి. ఫ్యాంటు సైజు చూసి బ్రేసు ఆర్డరిచ్చేవాళ్లకు అది తొడ దగ్గర వదులుగా, పిక్క దగ్గర బిగువుగా వస్తుంది. కట్టుకున్నాక కీలు మధ్యభాగం చిప్ప మధ్యకు సమంగా, కాలి పక్కగీతకు కొంచెం వెనకగా ఉండాలి. చాలా బ్రేసుల పట్టీల మీద అంకెలుంటాయి, ఆ వరసలోనే బిగించాలి. పిక్క కండకు పైన ఉండే పట్టీయే మొత్తం బ్రేసును కిందికి జారకుండా మోస్తుంది కనుక, మొదట బిగించాల్సింది సాధారణంగా అదే.

షాపులో నిలబడి చూసుకుంటే సరిపోదు. బూట్లు, రైడింగ్ ఫ్యాంటు వేసుకుని, సెంటర్ స్టాండ్ వేసిన బైకు మీద కూర్చుని, పెగ్‌ల మీద నిలబడి, పదిసార్లు దిగి ఎక్కి చూడాలి. బ్రేసు కింది భాగం బూటు లోపలికి దిగుతోందా, బూటు అంచు మీద కూర్చుని పైకి ఎగదోస్తోందా? లోపలివైపు చట్రం ట్యాంకుకు గీసుకుంటోందా? మామూలు జీన్స్‌లో బ్రేసు పట్టదు. మోకాలి దగ్గర వదులుండే ఆఫ్‌రోడ్ ఫ్యాంటు కూడా ఖర్చులో కలుపుకోవాలి. తిరిగి తీసుకునే షరతు లేని చోట ఆన్‌లైన్‌లో బ్రేసు కొనకపోవడం మేలు.

వాడకం సంగతి కూడా ఒక మాట. గెడ్డ దాటాక, ఇసక దారి నుంచి వచ్చాక కీళ్లలో ఇసక ఉండిపోతే అవి పట్టేస్తాయి. ఉప్పుగాలికి స్క్రూలు తుప్పు పడతాయి. మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టాలి, లోపలి ప్యాడ్లు సబ్బుతో ఉతకాలి. ఇసక అంటే బీచ్ మీదికి మాత్రం పోవద్దు. చలికాలం నుంచి వేసవి దాకా ఈ తీరం ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు.

సరదాకు పోయేవాళ్లే ఆఫ్‌రోడ్ రైడర్లు కారన్నది ఈ జిల్లాల్లో మరచిపోకూడని విషయం. రోడ్డు లేని గిరిజన గూడేలకు 2018లో ప్రభుత్వం ఫీడర్ అంబులెన్సులుగా బైకులు పెట్టింది. వెనక రోగిని కూర్చోబెట్టుకుని గుండ్రాళ్ల దారిలో దిగేవాడికి మోకాలి రక్షణ హాబీ కాదు, పనిముట్టు. మందుల పెట్టె, హెల్మెట్ ఇచ్చినట్టే అలాంటి పనిలో ఉన్నవాళ్లకు బూట్లు, గార్డులు ఇవ్వడం పని చేయించుకునేవాళ్ల బాధ్యత. కొలిచి తీసుకున్న బ్రేసు వాళ్లకే ముందు దక్కాలి.

మిగిలినవాళ్లు డబ్బు ఖర్చుపెట్టే వరస మార్చుకుంటే చాలు. మొదట చీలమండ పట్టి ఉంచే బూట్లు, తర్వాత టి ప్లస్ గుర్తున్న రెండో స్థాయి గార్డు, రాళ్ల దారి అలవాటైపోయాక, తొడ కండ బలపడ్డాక బ్రేసు. ఈ మూడింటికీ ముందు పైసా ఖర్చు లేనిది ఒకటుంది. బైకు జారినప్పుడు కాలు కింద పెట్టకుండా పెగ్‌ల మీదే నిలబడి, శరీరం బరువుతో సర్దుకోవడం సాధన చేయడం. కింద పెట్టని కాలు రాళ్ల మధ్య ఇరుక్కోదు. ఎంత సాధన చేసినా ఏదో ఒక రోజు కాలు దానంతటదే నేల మీదికి పోతుంది. బ్రేసు కొనేది ఆ రోజు కోసమే కాబట్టి, అరగంట నడిపాక వేలెడు కిందికి జారిన బ్రేసును, అది ఎంత పేరున్నదైనా, మొహమాటం లేకుండా తిరిగి ఇచ్చేయండి.